శనివారం సాయంత్రమే మొదలయ్యే ఆదివారం

ఇంటి పనులు ఎందుకు సగంలో ఆగిపోతాయని ఎవరినైనా అడగండి, "టైమ్ ఎక్కడుందండీ" అంటారు. ఆ జవాబు మీద నాకు నమ్మకం లేదు. కుండీ మార్చడానికి పావుగంట చాలు. పాత ఇనప కుర్చీకి ఒక పూత రంగు వేయడానికి అరగంట. సాయానికి ఇంకో మనిషి ఉంటే గుమ్మడి వడియాలు పెట్టడానికి గంట. మూడూ కలిపినా ఒక సినిమా అంత సేపు పట్టదు. అయినా సగం గీకిన కుర్చీ సంక్రాంతి నుంచి వినాయక చవితి దాకా బాల్కనీ మూల అలాగే నిలబడి ఉంటుంది. నర్సరీ నుంచి ముచ్చటపడి తెచ్చిన మొక్క నల్ల సంచిలోనే ప్రాణం విడుస్తుంది.

మన చేతులు ఆడే సమయం ఎప్పుడూ తక్కువే. చేతులు పక్కన పెట్టాక పని తనంతట తాను సాగే సమయం చాలా ఎక్కువ. రంగు ఆరాలి, పిండి పులవాలి, గుమ్మడి ముక్కల్లోని నీరు దిగాలి, వేరు కొత్త మట్టిని పట్టుకోవాలి. వీటిలో ఒక్కటీ మనం తొందరపెడితే తొందరపడేది కాదు. మనమేమో ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక, "ఇవాళ ఆ కుర్చీ సంగతి చూద్దాం" అని లేస్తాం. పదింటికి గరుకు కాగితం లేదని తెలుస్తుంది. పన్నెండింటికి ప్రైమర్ పూస్తాం. అది ఆరేలోగా చీకటి పడుతుంది. సోమవారం ఆఫీసు. ఆ కుర్చీని మళ్లీ ముట్టుకునేది ఎప్పుడో దేవుడికి తెలియాలి.

పని ఎంతసేపు పడుతుందో తక్కువగా ఊహించుకోవడం మనిషికి సహజమని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. పరిశోధన వ్యాసం ఎన్నాళ్లలో పూర్తి చేస్తారని అడిగితే వాళ్లు చెప్పినది సగటున 34 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు పడుతుందంటే 49 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజులు. అంటే వాళ్లు భయపడి వేసుకున్న లెక్క కూడా చాలలేదు. కుర్చీ దగ్గర మనం చేస్తున్నదీ ఇదే, కాకపోతే మనకు గైడ్ ఉండడు.

ఈ లెక్క బాగా తెలిసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆవకాయ పెట్టే ఇల్లాలిని గమనించండి. మిరపకాయలు, ఆవాలు, ఉప్పు ముందే ఎండలో పడాలి. కారం పట్టించాలి. జాడీ కడిగి చెమ్మ లేకుండా ఆరబెట్టాలి. కాయ తెచ్చిన రోజు కడిగి, తుడిచి, కొట్టించి, ముక్కకు టెంక పెచ్చు ఉండేలా చూసుకుని, లోపలి జీడి, పొర తీసి మళ్లీ తుడవాలి. కలపడానికి పట్టేది కాసేపే. ఆపైన మూడో రోజు తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోయాలి. ఆవిడ ఏనాడూ "ఆదివారం ఆవకాయ పెడదాం" అని ఆదివారం పొద్దున లేవలేదు. మామిడికాయ వచ్చే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది ఆ వెనక్కి లెక్కపెట్టడమే. దాన్ని మొక్కలకూ, కుర్చీలకూ కూడా వాడుకుందాం.

ముగ్గుపిండి గీతలు

ఏమీ కొనకముందు మీ బాల్కనీకి ఎండ ఎంతసేపు, ఎక్కడ పడుతుందో తెలుసుకోండి. చాలామందికి తెలియదు. "మాది తూర్పు ఫేసింగ్" అంటారు, అది గుమ్మం సంగతి. సెలవు రోజున ఏడింటికి, పదింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి బాల్కనీలోకి వెళ్లి ఎండ ఎంతవరకు పడిందో నేలమీద ముగ్గుపిండితో గీత గీయండి. సాయంత్రానికి మీ ఇంటి ఎండ పటం తయారవుతుంది. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి.

ఈ పటం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారు కర్రకు నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో మనకు ఉత్తరం వైపున ఉంటాడు. అందుకే ఉత్తరపు బాల్కనీకి ఎండే రాదన్నది తప్పు, ఎండాకాలంలో వస్తుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన బాగా కిందికి దిగుతాడు. అప్పుడు దక్షిణపు బాల్కనీలోకి, ఒక్కోసారి హాల్లో సోఫా దాకా, ఎండ వస్తుంది. మే నెలలో అదే బాల్కనీలో మధ్యాహ్నం ఎండ గడప దాటదు. కాబట్టి రెండు మూడు నెలలకోసారి ముగ్గుపిండి మళ్లీ తీయాల్సిందే.

గీతలు గీశాక సర్దుబాటు సులువు. నాలుగు గంటలు, అంతకు మించి నేరుగా ఎండ పడే చోటు కరివేపాకుకు, మిరపకు, మందారానికి, తులసికి. రెండు మూడు గంటల చోట పుదీనా బతుకుతుంది. కొత్తిమీరకు ఎండాకాలంలో ఆ మాత్రం చాలు, ఇంకా ఎక్కువైతే ఆకు పెరక్కుండానే పూతకొస్తుంది. ఎండ గీత ఎన్నడూ చేరని గోడ పక్కన మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు, జీజీ. కుర్చీ కూడా అక్కడే. పేము కుర్చీని రోజంతా ఎండలో వదిలేస్తే రంగు వెలిసి పెళుసుబారి, కూర్చున్నప్పుడల్లా టపటపమంటుంది. ఇక పిట్టగోడ దగ్గర బాగా ఎండ కాసే ఆ ఒక్క జానెడు చోటుకు మార్చి నుంచి మే దాకా పోటీదారు ఉన్నాడు, వడియాల గుడ్డ. కరివేపాకు కుండీని చక్రాల స్టాండు మీద పెట్టుకుంటే ఈ తగువు తీరుతుంది.

మొక్కలు కొనేది గాలి శుభ్రమవుతుందన్న ఆశతో అయితే ఆ ఆశ మానుకోండి. ఈ ప్రచారానికి మూలం 1989లో నాసా కోసం బిల్ వోల్వర్టన్ బృందం చేసిన ప్రయోగాలు. అవి గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి. ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసి 2019లో బ్రయాన్ కమ్మింగ్స్, మైకేల్ వేరింగ్ ఒక లెక్క తేల్చారు. కిటికీ తెరిచినంత మేలు మొక్కల వల్ల జరగాలంటే చదరపు మీటరుకు కనీసం పది, పైకి పోతే వెయ్యి మొక్కలు ఉండాలట. అప్పుడు మనం ఎక్కడుండాలో వాళ్లు చెప్పలేదు. మొక్క పచ్చగా ఉంటుంది, పచ్చడిలోకి నాలుగు రెబ్బలిస్తుంది, కొత్త చిగురు వేసిన రోజు ఇంట్లో ఒకరినొకరు పిలిచి చూపించుకుంటారు. పెంచడానికి ఈ కారణాలు చాలు.

కుండీలో ఆగాల్సిన చోట

మొక్కల్ని చంపేది ఎక్కువసార్లు నిర్లక్ష్యం కాదు, ప్రేమ. ఇంట్లో ముగ్గురుంటే ముగ్గురూ నీళ్లు పోస్తారు. వేళ్లకు నీటితోపాటు గాలి కూడా కావాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేరు కుళ్లుతుంది. పైన ఆకు వాడుతుంది. వాడిందని మళ్లీ పోస్తారు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. చెమ్మ తగిలితే ఆ రోజుకు ఆ కుండీ జోలికి పోవద్దు. ఇంట్లో నీళ్లు పోసే బాధ్యత ఒక్కరికే అప్పగించండి.

నర్సరీ నుంచి మొక్క తెచ్చిన రోజే కుండీ మార్చాలని చేయి దురద పెడుతుంది. కడియం నర్సరీల నుంచి లారీలెక్కి వచ్చిన మొక్కయితే ఇంతకుముందు అది పెరిగిన గాలి వేరు, వెలుతురు వేరు. ఒక వారం పది రోజులు సంచితోనే నీడపట్టున, మిగతా మొక్కలకు కాస్త ఎడంగా ఉంచండి. ఆకుల వెనక తెల్లగా దూదిలా పిండినల్లి ఉందేమో ఈలోగా బయటపడుతుంది. ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఎండలో చేస్తే ఆకు మాడుతుంది.

కుండీ మార్చే పని ఆదివారం అనుకుంటే శనివారం సాయంత్రం ఆ మొక్కకు నీళ్లు పోయండి. తడిసిన మట్టి ముద్ద వేళ్లను వదలకుండా సంచిలోంచి నిండుగా వస్తుంది. కోకోపీట్ ఇటుక కొనుంటే అదే సాయంత్రం బకెట్లో నానేయండి. 5 కిలోల ఇటుక నానితే 70 లీటర్లకు పైగా అవుతుంది, చిన్న బకెట్ పెట్టి తెల్లారి లేచి చూసి కంగారుపడకండి. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మి కంపోస్టు సమపాళ్లలో కలిపితే మామూలు ఇంటి మొక్కలకు సరిపోతుంది. మార్చాక వారం రోజులు నీడలో ఉంచండి. ఎరువు వేయొద్దు. ఆకులు కొంచెం వాలినా ఊరుకోండి. ఏమీ చేయకుండా ఉండడం కూడా నేర్చుకోవాల్సిన పనే. అది మా నాన్నల తరం మగవాళ్లకు మాత్రం పుట్టుకతో వచ్చింది.

మొదటిసారి పెంచేవాళ్లు మెంతులతో మొదలుపెట్టండి. పోపుల పెట్టెలోవే చాలు. రాత్రి నానేసి పొద్దున వెడల్పాటి తొట్టెలో చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకలొస్తాయి, మూడు వారాలకల్లా పప్పులోకి కోసుకోవచ్చు. ధనియాలను చపాతీ కర్రతో ఒకసారి దొర్లించి రెండు బద్దలు చేసి చల్లాలి, మొలవడానికి వారం పది రోజులు తీసుకుంటాయి. పిల్లలుంటే ముందు మెంతులే ఇవ్వండి, పదిరోజులు ఖాళీ మట్టిని చూస్తూ కూర్చునే ఓపిక వాళ్లకుండదు. కరివేపాకుకు మాత్రం ఏళ్లు పడుతుంది. కోసేటప్పుడు ఆకులు దూయకుండా కొమ్మ కొస తుంచండి, తుంచిన చోట పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. పూత, కాయ వస్తే తీసేయండి.

న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉన్న తెలుగువాళ్లకు కరివేపాకు కుండీ అంటే దాదాపు ఇంట్లో మనిషి. మంచు పడకముందే దాన్ని లోపలికి తెచ్చి దక్షిణపు కిటికీ దగ్గర పెడతారు. చలికాలంలో ఆకు రాల్చిందంటే చచ్చిపోయిందనుకుని నీళ్లు ఎక్కువ పోయకండి. అప్పుడు దానికి నీరు చాలా తక్కువ కావాలి. కొమ్మ మీద గోటితో గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే వసంతం దాకా ఆగితే చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఆగకూడదు. కుండీల కింద పళ్లేల్లో, మనీ ప్లాంటు సీసాల్లో నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్డు పెడితే మన వేడికి వారం పది రోజుల్లో దోమ ఎగిరిపోతుంది. 2020లో తెలంగాణ పురపాలక శాఖ ప్రతి ఆదివారం పదింటికి పది నిమిషాలు నిలవ నీరు పారబోయమని ప్రచారం చేసింది. ఆ పది నిమిషాలు అలవాటు చేసుకోండి.

రాత్రి పని, పగటి పని

వంటింట్లో శనివారం రాత్రికి ఉన్న విలువ ఇంకెక్కడా లేదు. బూడిద గుమ్మడి వడియాలే చూడండి. శనివారం సాయంత్రం కాయను సన్నగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి, పాత పంచె గుడ్డలో మూటగట్టి, పైన బరువు పెట్టాలి. నీళ్ల బిందె పెట్టినా చాలు. అదే సమయంలో మినప్పప్పు నానేయాలి. ఇదంతా అరగంట. మిగతాది మీరు నిద్రపోతుండగా జరుగుతుంది. తెల్లారి పప్పును వీలైనంత తక్కువ నీటితో గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర, పిండిన గుమ్మడి ముక్కలు కలిపి ఎండ ముదరకముందే పెట్టేయాలి. ఉప్పు చూసి మరీ వేయండి, ముక్కల్లో ముందే ఉంది. సాయంత్రానికి పైన పొర కడుతుంది. రెండో రోజు తిరగేయాలి. మంచి ఎండైతే మూడు రోజులు. విరిస్తే లోపల మెత్తగా తగలకూడదు, తగిలితే ఇంకో రోజు ఎండనివ్వండి. డబ్బాలో బూజు పట్టాక చింతించి లాభం లేదు.

ఉద్యోగస్తులు ఇక్కడ అడిగేది ఒకటే, సోమవారం ఎండలో ఎవరు పెడతారు? పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు మీరే పెట్టండి, పైన పల్చటి గుడ్డ కప్పి అంచుల మీద నాలుగు రాళ్లు పెట్టండి. పావురాలు, కాకులు వడియాలు తినడమే కాక బాల్కనీని వాటి పేరున రాయించుకుంటాయి.

ఆగే కాలం విలువ తెలియాలంటే మాత్రం చల్ల మిరపకాయలు పెట్టాలి. లావు పచ్చిమిరపకాయల్ని తొడిమ ఉంచి, పొట్ట చీరి, ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో రెండు మూడు రోజులు ఊరేస్తారు. తర్వాత పగలు ఎండలో, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో. మజ్జిగ మొత్తం కాయలు పీల్చుకునే దాకా ఈ రాకపోకలు సాగుతాయి, ఆపైన గలగలమనేలా ఎండబెడతారు. రోజుకు మీ చేతులు పనిచేసేది పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు. అందుకే ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్ల వేళలకు ఇంతకంటే కుదిరే వంట నాకు కనిపించలేదు. వానాకాలంలో ముద్దపప్పు అన్నంలోకి వేయించుకున్న రోజు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఇడ్లీ పిండి మీకు తెలిసిందే. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ, ఎండాకాలం రాత్రికి రాత్రే పులుస్తుంది, చలికాలం పన్నెండు గంటలు దాటినా బద్ధకిస్తుంది. శనివారం రాత్రి పెట్టాలంటే పప్పు మధ్యాహ్నమే నానాలి.

కూర్చోడానికి ఒకటి చాలు

బాల్కనీలో నాలుగు కుర్చీలు, గాజు బల్ల వేసుకోవాలన్న కోరికను కొంతకాలం పక్కన పెట్టండి. మన అపార్టుమెంటు బాల్కనీ వెడల్పు ఎంతో మీకు తెలుసు, అందులోనే బట్టల తీగ, వాషింగ్ మెషీన్ ఉంటాయి. ఇంట్లో మూలపడ్డ ఒక కుర్చీని బాగుచేయండి. ఒక్కటే.

పేము అల్లిక తెగలేదు, కానీ కూర్చునే చోట సాగి గుంటపడింది అంటే దాన్ని పారేయనక్కర్లేదు. రాత్రి వేడినీటిలో ముంచిన గుడ్డతో అడుగువైపు నుంచి బాగా తడపండి. గాలి ఆడే నీడలో వదిలేయండి. ఆరుతూ ఆరుతూ అల్లిక బిగుసుకుంటుంది. పూర్తిగా ఆరేదాకా, అంటే మర్నాడు రాత్రి వరకు, ఎవరూ కూర్చోకూడదు. ఇంట్లో ఈ మాట వినని మనిషి ఒకరుంటారు, కుర్చీని తలకిందులుగా పెట్టండి.

ఇనప కుర్చీకి మూడు విడతలు. ఒక రోజు 80 నంబరు గరుకు కాగితంతో తుప్పు పూర్తిగా గీకి, పొడి గుడ్డతో తుడిచి, వెంటనే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్. శుభ్రం చేసిన ఇనుమును రాత్రంతా అలా వదిలేస్తే మళ్లీ తుప్పు పడుతుంది. ఇంకో రోజు ఎనామెల్ మొదటి పూత, మరో రోజు రెండోది. ఎంతసేపు ఆరాలో డబ్బా మీదే ఉంటుంది, వాన ముసురులో దానికి రెట్టింపు అనుకోండి. ఈ విడతలు వారం రోజుల సాయంత్రాల్లో అరగంట చొప్పున అయిపోతాయి, ఆదివారం అక్కర్లేదు.

చెక్కకయితే 120, తర్వాత 220 కాగితం పట్టి, చెక్క జీర వెంటే రుద్ది, అవిసె నూనె పల్చగా పట్టించి, మిగిలింది తుడిచేయండి. ఇక్కడొక హెచ్చరిక. అవిసె నూనె పీల్చిన గుడ్డను ముద్దగా చుట్టి మూల పడేస్తే లోపల దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి తీగ మీద విడిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి. సరుకు రవాణా చెక్క పెట్టెలతో బల్లలు చేసుకునేవాళ్లు చెక్క మీద ముద్ర చూడండి. హెచ్.టి. అంటే వేడితో శుద్ధి చేసింది, వాడుకోవచ్చు. ఎం.బి. అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, ఇంటికి తేవద్దు.

ఒక్క కుర్చీ అని పట్టుబట్టడానికి కారణముంది. మైకేల్ నార్టన్, డేనియల్ మోచాన్, డాన్ ఏరియలీ 2012లో అచ్చైన పరిశోధనలో మనుషుల చేత ఐకియా పెట్టెలు బిగింపజేశారు, కాగితం బొమ్మలు మడిపించారు. సొంతంగా చేసుకున్న వస్తువుకు జనం ఎక్కువ విలువ కట్టారు. ఇంతవరకు అందరూ చెప్పుకుంటారు. పని సగంలో ఆగిన చోట ఆ అదనపు మమకారం కనిపించలేదన్న రెండో సగాన్ని ఎవరూ చెప్పుకోరు. ఆ ఐకియా మన దేశంలో తొలి దుకాణం తెరిచింది హైదరాబాదులోనే, 2018 ఆగస్టులో. అక్కడ బండినిండా వేసుకుని వచ్చి, సగం మేకులు బిగించి, మిగతా సగం అట్టపెట్టెలోనే ఉంచుకున్న ఇళ్లు చాలా చూశాను. అవి చూసినప్పుడల్లా ఇంట్లోవాళ్లకు ఉత్సాహం రాదు, తప్పుచేసినట్టు ఉంటుంది. కాబట్టి చేతులు పడే పని ఒక్కటే ఉండాలి. ఆరేవి, ఊరేవి, నానేవి ఎన్నయినా పక్కన నడవొచ్చు.

నెలను బట్టి ఎంచుకోండి. వానలు మొదలయ్యాక మనీ ప్లాంటు, పుదీనా, మందార కొమ్మలు నాటితే ఇట్టే పట్టుకుంటాయి, రంగుల డబ్బా మాత్రం తెరవొద్దు. కార్తీకం నుంచి మాఘం దాకా ఆకుకూరలు, కుర్చీల పని. శివరాత్రి దాటాక ఎండబెట్టే వంటలు.

ఈ శుక్రవారం ఒక కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించండి. దాని మీద పనుల పేర్లు రాయకండి. ఏది ఎప్పటికి నానాలి, ఏది ఎప్పటికి ఆరాలి, ఏ కుండీకి ముందురోజు నీళ్లు పోయాలి, అవి మాత్రం గంటలతో సహా రాయండి. ఇంట్లో లేని సామాను ఏదో ఆ రాతలోనే బయటపడుతుంది, గరుకు కాగితం దుకాణం శుక్రవారం సాయంత్రం తెరిచే ఉంటుంది.